ఎర్రబడిన బిళ్లలు

సోమవారం

మూడో లెవల్‌లో ఏ రోజు ఏం జరిగిందో రాసి, మెట్ల పక్కన గోడకు తగిలించడం నా పని. పైకి ఎక్కే షిఫ్టు వాళ్లు అది చదువుకుని ఎక్కుతారు. నాకు పెద్ద చదువు లేదు. పంపుల మీద రాసిన పేర్లు చూసి అక్షరాలు దిద్దుకున్నదాన్ని. అయినా ఈ పని నాకే అప్పజెప్పారు. ఐలవ్వకు అన్నిటికీ గుబులే, అందుకే ఏదీ మరిచిపోదు అన్నారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో నాకిప్పటికీ తెలియదు.

రెండో పంపు పైన బండ నిన్నటికన్నా ఎక్కువ చెమ్మగా ఉంది. పంపు వాళ్లకు చెప్పాను, నవ్వారు. పడితే నవ్వరు. పుట్టగొడుగుల మళ్లలో ఎడమ వరస నల్లబడుతోంది. పైన సోలార్ పలకలు ఊడ్చే షిఫ్టు ఎండ రాకముందే ఎక్కి, ఎండ ముదరకముందే దిగింది. అందరూ దిగారు. ఒకావిడ మొహం బొబ్బలెక్కింది. గనిలో పుట్టి పెరిగిన చర్మం, ఆ ఎండను ఎట్లా ఓర్చుకుంటుంది?

ఇక అసలు సంగతి. ఓదెలును ఈ రోజు ఏడో లెవల్‌కు దించేశారు.

ఓదెలు మా పక్క గదిలో ఉంటాడు. నిన్న పొద్దున జొన్న గటక రెండు గిన్నెలు తిన్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు, గొంతెత్తితే లెవల్ అంతా వినపడుతుంది. కానీ వాడి బిళ్ల రెండుసార్లు ఎర్రబడింది.

ఈ బిళ్లలు ఈ ఎండాకాలం మొదట్లో వచ్చాయి. అంతకుముందు డాక్టరమ్మ దిగి వచ్చి, మోచేతి మడతలో సూది గుచ్చి, గొట్టం నిండా నెత్తురు తీసుకుని పైకి పోయేది. జవాబు వచ్చేసరికి మనిషి తేరుకునైనా ఉండేవాడు, పోయైనా ఉండేవాడు. ఇప్పుడు కరెంటు అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు. బిళ్ల బొటనవేలి గోరంత ఉంటుంది. లోపల వెంట్రుకకన్నా సన్నటి కాలువలు. ఒక మూల నెత్తురు చుక్క వేసి పక్కనున్న బుడగను నొక్కితే, నెత్తురు దానంతటదే పాకుతుంది. ఎరుపంతా దారిలోనే ఆగిపోతుంది, చివరి కిటికీలోకి నెత్తుటిలోని నీరు మాత్రం వస్తుంది. ఆ నీరు పసుపుగా ఉంటే మనిషి బాగున్నట్టు. ఎర్రగా ఉంటే ఒంట్లో నెత్తురు విరిగిపోతున్నట్టు, అంటే దోమకాటుతో వచ్చే ఎర్రజ్వరం. ఒకసారి ఎర్రబడితే ఇనుప జాలీ బిగించిన గదిలో ఉంచుతారు, ఆదివారం మళ్లీ చూస్తారు. రెండోసారీ ఎర్రబడితే ఏడో లెవల్. అక్కడ నిజంగా జ్వరం ఉన్నవాళ్లంతా ఒకరి పక్కన ఒకరు పడి ఉంటారు. దిగినవాళ్లలో తిరిగి ఎక్కినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఓదెలు దిగుతూ నవ్వాడు. "అవ్వా, నా గిన్నె ఎవలకియ్యకు. నేనొచ్చి తింట."

వాడి పెండ్లాం స్వరూప మెట్ల మీదే కూర్చుండిపోయింది. లేపితే లేవలేదు.

బుధవారం

ఈ రోజు రాయాలని లేదు. రాయకపోతే రాయమల్లు బావ అడుగుతాడు. లెవల్‌కు ఆయనే పెద్దమనిషి.

పొద్దున పరీక్ష గది ముందు వరసలో నిలబడ్డాం. నా ముందు మా చెల్లె నర్సవ్వ. గది తలుపు దగ్గర నల్లా ఉంటుంది, చేతులు కడగనిదే లోపలికి రానివ్వరు. కడుక్కుని, వేళ్లు పైకెత్తి, నీళ్లు మోచేతుల దాకా కారనిస్తూ లోపలికి వెళ్తాం. ఒంటి మీద పడ్డ నీళ్లను గుడ్డకు తుడవడం మా లెవల్‌లో లేదు. ఒంటికి దక్కిన నీళ్లు ఒంటివే. పిల్లలు చేతులు లాగుకు రాసుకుంటే చెంప మీద ఒకటి పడుతుంది. పైన చెరువులన్నీ పగిలిపోయి ఈ గనిలోకి దిగిన మొదటి ఎండాకాలం, చెమ్మ బండకు అరచేతులు ఆనించి బతికినవాళ్లం. ఇది పట్టింపు కాదు, భయం.

నర్సవ్వ లోపలికి పోతూనే పరీక్ష చేసే అమ్మాయి ప్రసూనతో మొదలుపెట్టింది. "మెల్లగ గుచ్చు బిడ్డా. ఉన్నదే గ్లాసెడు నెత్తురు, అండ్ల సగం మా అక్క తాగింది."

నేను కొంగు నలుపుతూ నిలబడ్డాను. ఎప్పుడు పరీక్షకు వచ్చినా నా వేళ్లు కొంగులోనే ఉంటాయి.

ప్రసూన వేలు గుచ్చి, చుక్క వేసి, బుడగ నొక్కింది. కిటికీలోకి మొదట ఏమీ రాలేదు. తర్వాత కుంకుమ కలిపిన నీళ్లలాంటిది పాకుతూ వచ్చింది.

నర్సవ్వ తొంగి చూసింది. "ఏందే, నా నెత్తురుకు గూడ సిగ్గొచ్చినట్టుంది. ముసలిదాన్ని జూసి ఎర్రగైంది."

ప్రసూన తల ఎత్తలేదు. "జాలీ గదిలకు పో అమ్మా" అంది, ఎంత చిన్నగా అందంటే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

తర్వాత నా వంతు. నాది పసుపు. నాకు పసుపు వచ్చినందుకు నా చేతిని నేనే కొరుక్కోవాలనిపించింది. మేమిద్దరం ఒకే చాప మీద పడుకుంటాం, ఒకే గిన్నెలో తింటాం. దాన్ని కుట్టిన దోమ నన్ను వదిలేస్తుందా? మరి అది జాలీ వెనక, నేను జాలీ ముందు ఎందుకున్నాం?

గురువారం

పుట్టగొడుగుల ఎడమ వరస పూర్తిగా పోయింది. పోనీ.

నర్సవ్వకు గటక పట్టుకుపోయాను. జాలీ సందులోంచి గిన్నె తోసి, అది తిన్నంతసేపూ చూస్తూ కూర్చున్నాను. ఒళ్లు వేడిగా ఉందా అని అడిగాను. కళ్లు చూపించమన్నాను. ఉచ్చ ఏ రంగులో పోస్తున్నావు అని కూడా అడిగాను.

"నీ మొఖం జూస్తే రోగం నాకున్నట్టు లేదక్కా, నీకున్నట్టున్నది" అంది. "ఇగో, నాకేం గాలే. ఈ గదిల గాలి మంచిగున్నది. నీ గురక గూడ లేదు."

మేనేజర్ విద్యాధర్ సారు అటుగా వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. నిలబడినందుకు ఇప్పటికీ నా మీద నాకు మంట.

"సారూ, మా చెల్లెకు జ్వరం లేదు. పాత తీరుగ మోచెయ్యిల నెత్తురు తీసి చూడుండ్రి."

"చూడమ్మా, బిళ్లకు నీ చెల్లెలు ఎవరో తెలియదు. అందుకే అది అబద్ధం చెప్పదు."

"మరి రెండో లెవల్‌ల, నాలుగో లెవల్‌ల ఒక్కలకు గూడ ఎర్రగ అయితలేదు గద?"

"అదే నేనూ అడుగుతున్నాను. మీ ఒక్క లెవల్లోనే ఎందుకు వస్తోంది? కాస్త శుభ్రంగా ఉండడం నేర్చుకోండి."

శుభ్రమట! ఈ గనిలో మాకన్నా ఎక్కువసార్లు చేతులు కడిగేవాళ్లు ఎవరైనా ఉంటే చూపించమనండి. పైవాళ్లు తడి ఆర్చే గాలి మర ముందు చేతులాడించి వెళ్లిపోతారు. వాళ్లు శుభ్రం, మేము మురికి.

సాయంత్రానికి లెవల్‌లో ఇంకో మాట పుట్టింది. పైవాళ్లు మా జొన్నల్లో ఏదో కలుపుతున్నారని, అందుకే మా నెత్తురే విరుగుతోందని. ఒకరిద్దరు గటక పారబోశారు. భయానికి నేనూ తినలేదు. ఆకలితో పడుకుంటే భయం ఇంకా పెరిగింది.

శుక్రవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. దీన్ని ఎవరూ చింపవద్దు.

మళ్లలో గోనె పట్టాలు కప్పుతుంటే ప్రసూన వచ్చింది. ఆ పిల్ల పై లెవల్ మనిషే గానీ, దాని అమ్మమ్మ మాలాంటిదే, అందుకే మా మాట మాట్లాడుతుంది. వేళ్లన్నిటికీ పట్టీలు చుట్టి ఉన్నాయి.

"అవ్వా, నీ చెయ్యి చూపియ్" అంది.

చూపించాను. అరచేయి తడిమింది.

"పొడిగున్నది."

"పొడిగుంటే ఏంది? పనిజేస్తలేనంటవా?"

"అట్ల గాదవ్వా. నువ్వు నల్లా కాడ కడుక్కొని లోపలికొచ్చేదాక కొంగు నలుపుకుంటనే ఉంటవు. నీకు దెలువకుంటనే నీ చెయ్యి ఆరిపోతది. మిగిలినోళ్లందరు తడి వేళ్లతోటి వస్తరు. కొందరి వేళ్లు గుచ్చేసరికి ఆరుతయి, కొందరియి ఆరవు."

ఆ పిల్ల చెప్పింది ఇది. నెత్తురు చుక్కకు నీళ్లు తగిలితే, ఎరుపు వేలి మీదే పగిలిపోతుంది. ఒంట్లో ఏమీ కాదు. కానీ పగిలిన ఎరుపును ఆ సన్న కాలువలు ఆపలేవు, అది నీటితో కలిసి కిటికీలోకి వచ్చేస్తుంది. బిళ్లకు రెండిటికీ తేడా తెలియదు. పాత పద్ధతిలో సూది నరంలోకి పోయేది, వేలి తడితో పని ఉండేది కాదు. ప్రసూన తన వేళ్లే గుచ్చుకుని చూసింది. పొడి వేలికి పసుపు. తడి వేలికి ఎరుపు. నమ్మలేక మళ్లీ గుచ్చుకుంది. అందుకే ఆ పట్టీలు.

"మొదట్ల బిళ్లతోటి పొడి దూది ఉండె అవ్వా, వేలు తుడిచేటందుకు. మీ వాళ్లు ఒక్కలు గూడ తుడ్వలే. దూది ఇండ్లకు పట్కపోయిండ్రు. వాడనోళ్లకు ఎందుకు ఇచ్చుడని సారు బంద్ చేయించిండు."

అది నిజమే. ఓదెలు ఆ దూదితో తలగడ కుట్టించుకున్నాడు. నేను పంపు చప్పుడు వినపడకుండా చెవుల్లో పెట్టుకున్నాను. ఆ దూది దేనికని మేం అడగలేదు. దేనికని వాళ్లు చెప్పలేదు.

"ఈ సంగతి నీకెప్పటిసంది ఎరుక?" అన్నాను.

ఆ పిల్ల నేల చూసింది. "మంగళవారం. సారుకు చెప్పిన. దూది ఉన్న కొత్త పెట్టెలొచ్చేదాక నోరు మూసుకొమ్మన్నడు. ఇప్పుడు చెప్తే ఏడో లెవల్ జనమంత మీద పడుతరన్నడు."

"మంగళవారం ఎరుకైతే, బుధవారం నా చెల్లె వేలెట్ల గుచ్చినవే?"

ఏడ్చింది. నేను ఓదార్చలేదు. గోనె పట్టా చేతిలోనే ఉంది, దాంతో కొట్టాలనిపించింది. కొట్టలేదు, ఎందుకంటే ఆ పిల్ల వచ్చి చెప్పింది. సారు అయితే అది కూడా చేయడు.

శనివారం

రేపు నర్సవ్వకు రెండో పరీక్ష. మళ్లీ తడి వేలితో ఇస్తే మళ్లీ ఎరుపే, ఆ తర్వాత ఏడో లెవలే. అందుకని పొద్దున్నే అందరినీ పొయ్యి దగ్గరికి పిలిచి చెప్పాను. తప్పు చెబుతున్నానేమో, సగమే అర్థమైందేమో అని మధ్యలో రెండుసార్లు ఆగాను.

రాయమల్లు బావ అంతా విన్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే.

"అంటే ఇన్నొద్దులు నువ్వు నీళ్లు తుడుసుకుంట తిరిగినవన్నట్టు?"

"బావా, నేను చెప్పేది అది గాదు."

"నేనడిగేది అదే."

పొయ్యి అవతల నుంచి ఎవరో అన్నారు. "అందుకేనా నీకొక్కదానికి ఎప్పటికి పసుపే?" ఒకామె నా కొంగు వైపు చూసింది, అందులో వాళ్ల పిల్లల నీళ్లు ఉన్నట్టు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఈ జనం ముందు నోరు పెద్దగా చేసినదాన్ని కాదు.

"తుడుసుకున్న! ఏం జేస్తరు? నన్ను గూడ దించుతరా? కొంగుకంటిన తడికి లెక్క అడుగుతున్నరు, మనుషులను దించితే ఒక్కలన్న అడిగిండ్రా? చెయ్యి కడుగుమన్నది వాళ్లు, తుడుసుకునే గుడ్డ ఇయ్యనిది వాళ్లు. ఇచ్చిన దూదిని దాసుకున్నది మనం. మీ పట్టింపు మీకే ఉండనియ్యిండ్రి. రేపు నా చెల్లె చెయ్యి నేను తుడుస్త!"

"నర్సవ్వ ఒప్పుకుంటదా?" అన్నాడు బావ, మెల్లగా.

అప్పుడు స్వరూప లేచింది. సోమవారం నుంచి ఎవరితోనూ మాట్లాడని మనిషి.

"అవ్వా, మరి మా ఓదెలుకు రోగం లేకుండెనా?"

నేను రాయమల్లు బావ వైపు చూశాను. బావ పొయ్యి వైపు చూశాడు. గటక అడుగంటుతున్న వాసన వస్తే, లేచి కుండ దించాను.

ఆదివారం

బావ అన్నట్టే అయింది. నర్సవ్వ ఒప్పుకోలేదు.

జాలీ ఇవతల నేను, ప్రసూన. అవతల అది, తడి చేతులు పైకెత్తి.

"తుడుసుకోవే" అన్నాను.

"తుడుసుకోను."

"నిన్నటిసంది చెప్తున్న గదనే! తడుంటే ఎర్రగైతది. ఎర్రగైతే దించుతరు."

"దించనియ్యి. అక్కా, అవ్వ యాదికున్నదా? బండ చెమ్మ తన చేతులకు పట్టిచ్చుకొని వచ్చి మన మొఖాలకు రాసేది. అదే మన తానం, అదే మన తాగుడు. తనొక్క చుక్క నాకలే. ఆ చేతులు జూసినంక నేనెట్ల తుడుస్తనే?"

యాదికి లేకేం? మమ్మల్ని కన్న అవ్వ పెదవులు పగిలి నెత్తురు కారుతుంటే చూసింది నేను. ఇది అప్పటికి చిన్నపిల్ల. అవ్వ అట్లా పోయింది మేమిద్దరం బతకాలని. ఇప్పుడు ఆమె పేరు చెప్పి ఇది చస్తానంటోంది.

"సచ్చినంక నీ తడి చెయ్యి ఎవని మొఖానికి రాస్తవే?" అని అరిచాను. "నేనొక్కదాన్ని ఆ చాప మీద పండుకోవాల్నా? నీకు నవ్వులాట, నాకు గుబులు, బతుకంత గిదే! చెయ్యి దే!"

ఇవ్వలేదు. జాలీ సందులోకి చేయి పోనిచ్చి దాని మణికట్టు పట్టి లాగాను. ఇనుము గీసుకుపోయింది, ఇద్దరికీ. ఒక్కో వేలూ నా కొంగుతో అదిమి తుడిచాను, వేళ్ల సందులు, గోళ్ల కింద, అన్నీ. అది మొదట గింజుకుంది. తర్వాత ఊరుకుంది. మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. నేను తిడుతూనే ఉన్నాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను.

ప్రసూన గుచ్చింది. చుక్క. బుడగ. ముగ్గురం ఆ గోరంత కిటికీ మీదికి వంగాం.

పసుపు.

నర్సవ్వ ముక్కు చీదుకుంది. "వేళ్లు గట్ల పిండినంక పసుపు రాక ఏమొస్తదే, రాక్షసీ" అంది.

విద్యాధర్ సారు వచ్చి బిళ్ల చూశాడు, తాళం తీయించాడు. తర్వాత లెవల్ అంతా వినపడేలా మైకులో చెప్పాడు. మూడో లెవల్ వారి అజాగ్రత్త వల్ల కొన్ని పరీక్షలు తప్పుగా వచ్చాయని, ఇకనుంచి వేలు ఆరబెట్టుకుని రావాలని. అంతే. ఇదంతా మా తప్పేనట. మైకు పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు.

స్వరూప ఆయన దారికి అడ్డం నిలబడింది. "మా ఆయన్ను పైకి తెస్తరా సారూ?"

"చూడమ్మా, వాళ్లు ఇన్ని రోజులు రోగుల మధ్య ఉన్నారు. ఇప్పుడు వాళ్లకు జ్వరం లేదని ఎవరు చెప్పగలరు?"

"నీ బిళ్ల చెప్పదా?" అన్నాను. ఈసారి నేను లేచి నిలబడలేదు. ముందే నిలబడి ఉన్నాను, ఆయన మొహంలోకి చూస్తూ. "అబద్ధం చెప్పదంటివి గద!"

"ఏడో లెవల్‌కు బిళ్లలు కేటాయించలేదు."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, ఈ రోజు జొన్నలు రాలేదు అన్నట్టు. మమ్మల్ని దించడానికి బిళ్లలున్నాయి. ఎక్కించడానికి లేవు.

ప్రసూన గదిలోకి పోయి, మిగిలిన బిళ్లల పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. "పోదాం పాండ్రి" అంది. సారు "ప్రసూనా!" అన్నాడు. ఆ పిల్ల వెనక్కి చూడలేదు. దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు, అయినా దాని పక్కనే నడిచాను.

ఇప్పుడు ఏడో లెవల్ తలుపు ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. స్వరూప తలుపు మీద కొడుతూ ఓదెలును పేరు పెట్టి పిలుస్తోంది. లోపలి నుంచి కూడా ఎవరో కొడుతున్నారు. అది ఓదెలో కాదో తెలియదు, తలుపు మందం. నర్సవ్వ నన్ను ఆనుకుని కూర్చుంది. రాయమల్లు బావ కూడా వచ్చాడు. తన చేతులు మాత్రం తుడవనని ముందే చెప్పాడు. తుడవకపోయినా కూర్చోవచ్చు అన్నాను. కూర్చున్నాడు.

నాకు భయంగానే ఉంది. పలకలు ఊడ్వకపోతే దుమ్ము పేరుకుంటుంది, కరెంటు తగ్గుతుంది, లోపలికి గాలి తెచ్చే పంకాలు ఆగుతాయి. పైవాళ్లకు ఆగినట్టే మాకూ ఆగుతాయి. రెండో పంపు పైన బండ సంగతీ నాకు గుర్తుంది. అన్నీ తెలిసే రాస్తున్నాను.

రేపటి షిఫ్టు వాళ్లకు: ఈ తలుపు తెరిచి, లోపల ఉన్న ఒక్కొక్కరి నెత్తురు మళ్లీ చూసేదాకా పలకలు ఊడ్చే పని లేదు. ఎక్కకండి. దిగండి.